సందేహించే స్నేహితుల కాపరి

‘అమేజింగ్ గ్రేస్’ పాట వినని క్రైస్తవ కుటుంబం మనలో బహుశా ఉండదు. ఆ పాట రాసిన జాన్ న్యూటన్ ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెన్ అని, నడిసముద్రంలో తుఫాను రేగినప్పుడు దేవునికి మొరపెట్టి మారుమనస్సు పొందాడని, ఆ తర్వాత దైవసేవకుడయ్యాడని ప్రసంగాలలో ఎన్నోసార్లు విన్నాం. అది నిజమే గాని ఆయన కథలో సగం కూడా కాదు. విశ్వాసంలో తడబడిన స్నేహితులతో ఆయన ఎలా మెలిగాడన్నది మిగతా సగంలో ఉంది. అందులో గెలుపుతోపాటు ఓటమీ ఉంది. కొడుకో కూతురో చర్చి మానేశారని కుమిలిపోయే తల్లిదండ్రులు, నిన్నటిదాకా పక్కన కూర్చుని పాడిన స్నేహితుడు ఈ రోజు బైబిలు మాటెత్తితేనే మొహం తిప్పుకుంటున్నాడని బాధపడే యౌవనస్థులు మన సంఘాలలో తక్కువేమీ లేరు. అలాంటివారిని మనసులో ఉంచుకుని ఈ వారం న్యూటన్ జీవితాన్ని కాస్త నింపాదిగా చూద్దాం.

న్యూటన్ 1725లో లండన్‌లో, థేమ్స్ నది ఒడ్డున ఓడల వాళ్లు కాపురముండే వాపింగ్‌లో పుట్టాడు. తండ్రి ఓడ కెప్టెన్. ఏడాదిలో ఎక్కువ కాలం సముద్రం మీదే గడిపేవాడు. తల్లి ఎలిజబెత్ తన ఒక్కగానొక్క కొడుక్కి చిన్నప్పుడే బైబిలు భాగాలు, ఐజాక్ వాట్స్ పిల్లల కోసం రాసిన కీర్తనలు కంఠస్థం చేయించింది. కొడుకు దైవసేవకుడు కావాలన్నది ఆమె కోరిక. కానీ క్షయవ్యాధి ఆమెను ఎక్కువ కాలం బతకనివ్వలేదు. 1732లో ఆమె కన్నుమూసేనాటికి కొడుక్కి ఏడేళ్లు నిండడానికి ఇంకా కొద్ది రోజులుంది. పదకొండో ఏట తండ్రి అతణ్ని తనతోపాటు ఓడ ఎక్కించాడు.

యౌవనంలో న్యూటన్ భక్తి ఒక పద్ధతిలో నిలిచింది కాదు. కొన్నాళ్లు ఉపవాసాలుండి, మాంసం మానేసి, గంటల తరబడి బైబిలు చదివేవాడు. మరికొన్నాళ్లకు అన్నీ వదిలేసేవాడు. ఆ దశలోనే షాఫ్ట్స్‌బరీ ప్రభువు రాసిన ఒక తత్వగ్రంథం చేతికి దొరికింది. మృదువైన భాషలో రాసిన ఆ పుస్తకం క్రైస్తవ విశ్వాసాన్ని ఎదురుగా నిలబడి కొట్టదు, చెదపురుగులా లోపల నుంచి తొలుస్తుంది. 1744లో నౌకాదళం వాళ్లు అతణ్ని బలవంతంగా పట్టుకెళ్లి హార్విచ్ అనే యుద్ధనౌకలో చేర్చారు. అక్కడ నాస్తిక భావాలున్న తోటి నావికుడొకడు ఆ పుస్తకం మొదలుపెట్టిన పనిని పూర్తిచేశాడు. తల్లి నేర్పిన దానిలో ఇక ఏమీ మిగల్లేదు.

విశ్వాసం పోగొట్టుకున్నవాడు ఒంటరిగా ఊరుకోడు. అదే ఓడలో జాబ్ లూయిస్ అనే కుర్రాడుండేవాడు. నెమ్మదస్థుడు, బుద్ధిమంతుడు. న్యూటన్ అతనితో స్నేహం కలిపి, తాను నేర్చుకున్న వాదాలన్నీ ఒక్కొక్కటిగా అతనికి నూరిపోశాడు. దేవుడూ లేడు, తీర్పూ లేదు, మనిషి ఇష్టమొచ్చినట్టు బతకొచ్చని ఒప్పించాడు. ఈ విషయంలో తాను ఎంత బాగా నెగ్గాడో న్యూటన్ 1764లో ప్రచురించిన తన ఆత్మకథలో దాచుకోకుండా రాశాడు.

ఆ తర్వాతి సంగతులు చాలామందికి తెలిసినవే. ఓడ నుంచి పారిపోయి పట్టుబడి కొరడాదెబ్బలు తిన్నాడు. ఆఫ్రికా పశ్చిమ తీరంలో ఒక బానిసల వ్యాపారి దగ్గర పనికి కుదిరి, అక్కడ తానే బానిసకన్నా హీనంగా ఆకలితో, జ్వరాలతో అల్లాడాడు. తిరుగు ప్రయాణంలో 1748 మార్చిలో గ్రేహౌండ్ అనే ఓడ అట్లాంటిక్ తుఫానులో చిక్కుకుంది. నీళ్లు తోడి తోడి చేతులు పడిపోయిన వేళ, ఎన్నో ఏళ్ల తర్వాత ఆయన నోట కనికరం అనే మాట వచ్చింది. జీవితాంతం ఆ రోజును ఆయన ప్రత్యేకంగా ఆచరించాడు. అయితే మన ప్రసంగాలలో తరచూ వదిలేసే సంగతి ఒకటుంది. తుఫాను తర్వాత కూడా న్యూటన్ బానిసల వ్యాపారం మానలేదు. ఒకసారి మేట్‌గా, మూడుసార్లు కెప్టెన్‌గా మళ్లీ ఆఫ్రికాకు వెళ్లాడు. 1754లో హఠాత్తుగా జబ్బుపడి ఓడ ఉద్యోగం వదిలేశాడే తప్ప, అప్పటికి ఆ వ్యాపారం పాపమని ఆయన మనస్సాక్షికి తట్టలేదు. దానికి వ్యతిరేకంగా ఆయన పుస్తకం రాసింది 1788లో. కృప ఒక్క రాత్రిలో రక్షించినా, కళ్లు పూర్తిగా తెరవడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

కెప్టెన్‌గా ఆయన చేసిన చివరి ప్రయాణంలోనే లూయిస్ మళ్లీ ఎదురయ్యాడు. 1753లో లూయిస్ వెళ్లవలసిన ఓడ యజమాని దివాలా తీయడంతో అతనికి పని లేకుండా పోయింది. న్యూటన్ అతణ్ని తన ‘ఆఫ్రికన్’ ఓడలో తోడుగా తీసుకెళ్లాడు. పని చూపించాలన్నది పైకి కనిపించే కారణం. తాను చేతులారా చెరిపిన విశ్వాసాన్ని తన చేతులతోనే తిరిగి నిలబెట్టాలన్నది అసలు కారణం. మాటలతో, బతిమాలుకోలుతో, తన మారిన నడవడితో ఆయన చేయగలిగినదంతా చేశాడు. ఆదివారాలు నావికులందరినీ కూర్చోబెట్టి ఆరాధన జరిపేవాడు. లూయిస్ మాత్రం కరగలేదు. పైగా, తనకు ఈ స్వేచ్ఛ నేర్పిన మొదటి గురువు న్యూటనేనని తరచూ గుర్తుచేసేవాడు. ఆ మాటకు న్యూటన్ దగ్గర జవాబు ఉండేది కాదు. చివరికి అతని ప్రవర్తన మిగతా నావికులను కూడా పాడుచేస్తోందని, తీరంలో ఒక చిన్న ఓడ కొని, దాని మీద అతణ్ని అధికారిగా పెట్టి వేరుగా పంపాడు. అడ్డుచెప్పేవారు లేని చోట లూయిస్ మరింత విచ్చలవిడిగా బతికి, కొద్దికాలానికే విషజ్వరంతో చనిపోయాడు. కనికరం కోరకుండా, ఆశ అన్నది లేకుండా, చుట్టూ ఉన్నవాళ్లు హడలిపోయేలా ఆ చావు జరిగిందని న్యూటన్ విన్నాడు.

ఇక్కడ మాకు తోచినది ఒకటి చెప్పాలి. న్యూటన్ చూపిన ఆదర్శంలో ఒక పెద్ద చీలిక ఉంది. ఓడ పైభాగంలో ఆరాధన జరుగుతుంటే కింది అరలో సంకెళ్లలో మనుషులు మూలుగుతున్నారు. ఆనాటి క్రైస్తవులలో చాలామందికి అది తప్పుగా కనిపించలేదు, న్యూటన్‌కీ కనిపించలేదు. లూయిస్‌కు కనిపించిందో లేదో మనకు తెలియదు. కానీ నీ ప్రభువును చూపించు అని అడిగే సందేహవాదికి మనం మన ఇల్లూ, వ్యాపారమూ, పనివాళ్లతో మన తీరూ చూపించకుండా పాటలు మాత్రమే చూపిస్తే చాలదు.

లివర్‌పూల్ రేవులో సుంకాల శాఖ ఉద్యోగిగా ఉంటూ న్యూటన్ గ్రీకు, హెబ్రీ భాషలు సొంతంగా నేర్చుకున్నాడు. గురువుగా అభిషేకం ఇవ్వడానికి బిషప్పులు మొదట ఒప్పుకోలేదు. ఎట్టకేలకు 1764లో అభిషేకం పొంది బకింగ్‌హాంషైర్‌లోని ఓల్నీ అనే చిన్న ఊరికి కాపరిగా వెళ్లాడు. లేసు అల్లి పొట్టపోసుకునే పేదలు ఎక్కువగా ఉన్న ఊరది. ఆయన పాత నావికుల కోటు వేసుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. జాన్ థార్న్‌టన్ అనే ధనికుడైన విశ్వాసి పేదలకూ అతిథులకూ ఖర్చుపెట్టమని ఏటా 200 పౌండ్లు పంపేవాడు. అందువల్ల ఆ కాపరి ఇంటి తలుపు మూసి ఉండేది కాదు.

ఓల్నీకి రెండు మైళ్ల దూరంలో వెస్టన్ అండర్‌వుడ్ అనే పల్లె ఉంది. అక్కడి సహాయ గురువు థామస్ స్కాట్. పశువులు మేపే రైతు కొడుకు, కష్టపడి చదువుకున్న తెలివైనవాడు, గర్వి కూడా. అతనికి త్రిత్వం మీద నమ్మకం లేదు. క్రీస్తు మన పాపాలకు ప్రాయశ్చిత్తం అన్న బోధ అతని బుద్ధికి ఎక్కలేదు. అయినా బతుకుతెరువు కోసం, చదువుకునే తీరిక దొరుకుతుందని గురువయ్యాడు. ఇదంతా తర్వాత అతనే రాసుకున్నాడు. చర్చి లోపలే ఉండి, బల్ల దగ్గరే నిలబడి, నమ్మనివాడు. ఇలాంటి సందేహవాదిని గుర్తుపట్టడం కష్టం, దగ్గరకు తీయడం ఇంకా కష్టం.

1774 జనవరిలో స్కాట్ పల్లెలో ఒక భార్యాభర్తలు చావుబతుకుల మధ్య ఉన్నారు. జబ్బు సంగతి అతని చెవిన పడింది గాని, వాళ్లు కబురు పంపలేదు కదా అని వెళ్లలేదు. ఒక సాయంత్రం, భార్య చనిపోయిందని, భర్త కూడా పోయేలా ఉన్నాడని తెలిసింది. దానితోపాటు మరో మాట కూడా విన్నాడు. ఓల్నీ నుంచి న్యూటన్ వచ్చి వాళ్లను ఇప్పటికే చాలాసార్లు చూసి వెళ్లాడట. వాళ్లు న్యూటన్ సంఘం వాళ్లు కారు. వాళ్ల బాధ్యత స్కాట్‌ది. అతని ఇంటి గడపకు కొద్ది అడుగుల దూరంలోనే ఆ మంచాలున్నాయి. న్యూటన్ సిద్ధాంతాలను స్కాట్ మతపిచ్చిగా చూసేవాడు, ఆయన ప్రసంగం విని నవ్వుకున్నాడు కూడా. కానీ ఈ పని దగ్గర నవ్వడానికి ఏమీ దొరకలేదు. నా సిద్ధాంతం సరైనదని నేననుకుంటున్నాను, మరి నా పని ఆయన ఎందుకు చేస్తున్నాడు అన్న ప్రశ్న అతణ్ని నిలువునా కోసింది. వెంటనే లేచి, చనిపోబోతున్న ఆ మనిషి దగ్గరకు వెళ్లాడు. సిగ్గుపడి దేవునికి ప్రార్థన కూడా చేశాడు.

అంతటితో స్కాట్ మారిపోయాడని చెబితే కథ బాగుంటుంది, కానీ అలా జరగలేదు. 1775లో గురువుల కూడికలో కలిసినప్పుడు న్యూటన్‌ను వాదానికి లాగాలని చూశాడు. న్యూటన్ దిగలేదు. కొన్ని రోజుల తర్వాత ఒక చిన్న పుస్తకం, దానితో ఒక చీటీ పంపాడు. స్కాట్ దాన్ని అవకాశంగా తీసుకుని, వాదించి ఓడించాలనే ఉద్దేశంతోనే ఉత్తరాలు మొదలుపెట్టాడు. న్యూటన్ రాసిన జవాబులు ‘కార్డిఫోనియా’ అనే ఆయన ఉత్తరాల సంపుటిలో ఎనిమిది ఉన్నాయి. స్కాట్ అడిగిన చర్చనీయాంశాలను ఆయన చాలావరకు పక్కన పెట్టాడు. స్కాట్ నిజాయితీగా వెదుకుతున్నాడని తాను నమ్ముతున్నట్టు, దేవుడే అతణ్ని నడిపిస్తాడని ఎదురుచూస్తున్నట్టు రాశాడు. వాదన రాకపోవడంతో స్కాట్‌కు విసుగొచ్చింది. ఆ ఏడాది చివరికి ఉత్తరాలు ఆగిపోయాయి.

ఒకప్పుడు వాదంతో లూయిస్‌ను పడగొట్టిన మనిషి, స్కాట్‌ను నిలబెట్టడానికి వాదాన్ని ఎందుకు వాడలేదు? ఆయన దగ్గర వాదాలు లేక కాదు. వాదంలో గెలిచినవాడు స్నేహితుణ్ని తన వైపు తిప్పుకోగలడే గాని క్రీస్తు వైపు తిప్పలేడని ఆయన ఆఫ్రికా తీరంలో నేర్చుకుని ఉంటాడని మా అభిప్రాయం.

ఉత్తరాలు ఆగాయి గాని స్నేహం తెగలేదు. కొంతకాలానికి స్కాట్‌కు కష్టం వచ్చింది. మనసు కుంగి ఎవరి దగ్గరకు వెళ్లాలా అని చూసుకుంటే న్యూటన్ ఇల్లే గుర్తొచ్చింది. అక్కడ దొరికిన ఓదార్పు అతని గుండె బరువు దించింది. ఆ తర్వాత నుంచి అప్పుడప్పుడు ఓల్నీకి వెళ్లేవాడు. తోటి గురువులు మతపిచ్చివాడని వెక్కిరించే న్యూటన్‌తో స్నేహమని తెలిస్తే పరువు పోతుందని, నీకొదేములా ఎవరికీ తెలియనివ్వకుండా వెళ్లేవాడు. ఈలోగా బైబిలును మళ్లీ మొదటి నుంచి పట్టుదలగా చదివాడు. ఒక్కో సిద్ధాంతం దగ్గర పోరాడి, ఒక్కోదాన్నీ లేఖనం చేత ఒప్పుకుంటూ, చివరికి తాను వెక్కిరించిన విశ్వాసానికే వచ్చాడు. 1779లో తన సాక్ష్యాన్ని ‘ది ఫోర్స్ ఆఫ్ ట్రూత్’ పేరుతో అచ్చువేశాడు. న్యూటన్ లండన్ వెళ్లిపోయాక, 1781లో ఓల్నీ కాపరిగా వచ్చింది కూడా స్కాట్ గారే.

ఆ చావు మంచాల దగ్గరకు న్యూటన్ నడిచిన రెండు మైళ్ల దారి మన తెలుగు నేల దాకా వచ్చింది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో చెప్పులు కుడుతూ స్కాట్ ప్రసంగాలు విన్న యువకుడు విలియం కేరీ. తన ఆత్మీయ జీవితపు తొలిరోజుల్లో స్కాట్‌కు ఎంతో రుణపడి ఉన్నానని ఆయన తర్వాత చెప్పాడు. శ్రీరాంపూర్‌లో కేరీ, ఆయన సహచరులు 1818లో తెలుగు కొత్త నిబంధనను అచ్చువేశారు. 1799లో పుట్టిన చర్చి మిషనరీ సొసైటీకి తొలి కార్యదర్శి కూడా స్కాటే. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నంలో అడుగుపెట్టింది ఆ సొసైటీ పంపగానే.

లండన్‌లో న్యూటన్ దగ్గరకు వచ్చినవారిలో మరొకరిని చెప్పకుండా దాటలేం. 1785 డిసెంబరులో విలియం విల్బర్‌ఫోర్స్ అనే యువ పార్లమెంటు సభ్యుడు, తనను ఎవరైనా చూస్తారేమోనని ఆయన ఇంటి ముందున్న కూడలి చుట్టూ రెండుసార్లు తిరిగి, అప్పుడు తలుపు తట్టాడు. చిన్నప్పుడు న్యూటన్ ప్రసంగాలు విన్న పిల్లవాడే, మధ్యలో లోకంలో కలిసిపోయాడు. రాజకీయాలు వదిలేయాలా అని నలిగిపోతున్నవాడికి, దేవుడు నిన్ను ఉంచిన చోటే ఉండి సేవ చేయి అన్న సలహా దొరికింది. బానిసల వ్యాపారం రద్దు చట్టం 1807లో వచ్చింది. న్యూటన్ దాన్ని చూసి, ఆ ఏడాది డిసెంబరులోనే కన్నుమూశాడు.

ఇక మిగిలింది విలియం కౌపర్ సంగతి. స్కాట్ పల్లెలోని ఆ మంచాల దగ్గరకు న్యూటన్ తిరుగుతున్న రోజుల్లో ఆయన ఇంట్లోనే ఒక రోగి ఉన్నాడు. ఆ రోగి కౌపర్, ఇంగ్లీషు సాహిత్యంలో గొప్ప కవి. అంతకుముందే ఒకసారి మతిచలించి, చికిత్సాలయంలో ఉండగా క్రీస్తును నమ్మి కోలుకున్నాడు. 1767లో న్యూటన్ ఉన్నాడనే ఓల్నీకి వచ్చి కాపురమున్నాడు. ఇద్దరూ కలిసి రోగులను పరామర్శించేవారు, ప్రార్థన కూడికలు జరిపేవారు, కలిసి కీర్తనలు రాశారు. 1779లో వెలువడిన ‘ఓల్నీ కీర్తనలు’లోని 348 పాటల్లో అరవైకి పైగా కౌపర్‌వే.

1773 జనవరి మొదటి రోజున న్యూటన్ తన సంఘానికి ఇచ్చిన కొత్త పాటే మనమంతా పాడుకునే ‘అమేజింగ్ గ్రేస్’. సరిగ్గా ఆ రోజుల్లోనే కౌపర్ మనసు మళ్లీ చీకటిలో మునిగింది. దేవుడు తనను శాశ్వతంగా తోసివేశాడని అతనికి నిశ్చయమైపోయింది. దేవుడు లేడని అతను అనలేదు. దేవుడున్నాడు, కృప కూడా ఉంది, అయితే అది తనకు తప్ప మిగతా అందరికీ అన్నాడు. ఈ రోజుల్లో అయితే వైద్యులు దీన్ని తీవ్రమైన మానసిక వ్యాధిగా చూసి మందులిస్తారు. మన సంఘాల్లో ఇప్పటికీ కొన్ని చోట్ల ఇలాంటివారికి దయ్యం పట్టిందనో, దాచిన పాపం ఏదో ఉందనో ముద్రవేసేవాళ్లున్నారు. రెండువందల యాభై ఏళ్ల కిందట, మందులు లేని కాలంలో, న్యూటన్ దంపతులు ఆ పని చేయలేదు. ఏప్రిల్‌లో కౌపర్ వాళ్లింటికి వచ్చాడు. వెళ్లనన్నాడు. ఏడాది దాటిపోయినా వెళ్లలేదు. ప్రాణం తీసుకోబోయిన రోజు కూడా ఉంది. ప్రార్థనకు రాడు, చర్చిలో అడుగు పెట్టడు. న్యూటన్ అతణ్ని పోరలేదు, పొమ్మనలేదు. ఈ భారం మోస్తూ తన మనసు అప్పుడప్పుడు విసిగి తిరగబడిందని ఆయన ఒప్పుకున్నాడు కూడా. అది చదివాక ఆయన మీద మాకు గౌరవం మరికాస్త పెరిగింది.

1774 మే నెలలో కౌపర్ తన ఇంటికి వెళ్లాడు. కుందేళ్లు పెంచాడు, తోటపని చేశాడు, మెల్లగా కవిత్వం రాశాడు. ‘ది టాస్క్’ వంటి కావ్యంతో దేశమంతా పేరొచ్చింది. చర్చికి మాత్రం మళ్లీ వెళ్లలేదు. అయినా, స్కాట్ తన సాక్ష్యం రాసి తెచ్చినప్పుడు దాని భాష దిద్దిపెట్టింది కౌపరే. తనకు ఆశ లేదనుకున్న మనిషి, మరొకరి విశ్వాస సాక్ష్యాన్ని చదవడానికి ఇంపుగా తీర్చిదిద్దాడు.

న్యూటన్ లండన్ వెళ్లాక ఇద్దరి మధ్యా ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాయి. ఆ స్నేహంలో మచ్చ లేదని కాదు. 1786లో ఎవరో చెప్పిన మాటలు విని, కౌపర్ పొరుగున ఉన్న రోమన్ కథోలిక కుటుంబంతో తిరగడం బాగాలేదని న్యూటన్ మందలిస్తూ రాశాడు. ఆ ఉత్తరం కౌపర్‌ను నొప్పించింది. ఎన్నో ఏళ్లు ఓపిక పట్టిన మనిషి అక్కడ తొందరపడ్డాడనే చెప్పాలి. అయినా ఉత్తరాలు ఆగలేదు.

తోమా నమ్మనని మొండికేసినప్పుడు మిగతా శిష్యులు అతణ్ని వెలివేయలేదు. ఎనిమిది రోజుల తర్వాత ప్రభువు వచ్చేనాటికి అతను వాళ్ల మధ్యనే ఉన్నాడు. కౌపర్ విషయంలో ఆ ఎనిమిది రోజులు 27 ఏళ్లయ్యాయి. తాను తోసివేయబడ్డాననే బాధతోనే 1800 ఏప్రిల్ 25న ఈస్ట్ డీరం అనే ఊళ్లో అతను చనిపోయాడు. చివరి రోజుల్లో రాసిన కవిత కూడా నడిసముద్రంలో కొట్టుకుపోయే ఒక నావికుడి గురించే.

ఆ కబురు లండన్ చేరినప్పుడు న్యూటన్‌కు డెబ్బై నాలుగేళ్లు. చూపు తగ్గిపోతోంది. మే నెలలో సెయింట్ మేరీ ఉల్‌నాత్ చర్చి ప్రసంగ వేదిక ఎక్కి, స్నేహితుడి కోసం ఆయన నిర్గమకాండం మూడో అధ్యాయం తెరిచాడు. అరణ్యంలో మోషే చూసిన పొద గురించి, ఏళ్ల తరబడి మండుతూ కూడా కాలిపోని పొద గురించి, తన సంఘానికి చెప్పాడు.